ముక్కుల్లేని బెండకాయలు

కె.ఆర్.పురం సంతలో మూట ఎత్తుకునేది మూడున్నరకి,
మా వీధి మలుపులో బండి నిలిపేసరికి ఆరు.
అపార్ట్‌మెంటు గేటు తెరుచుకుంటుంది.
ముందు చేతులు వస్తాయి,
మనుషులు తర్వాత.

బెండకాయ కొన పట్టుకుని టప్పున విరుస్తారు.
విరిగితే లేత, వంగితే ముదురు.
నచ్చినవి త్రాసులోకి,
వంగినవి, వంకరవి, విరిచి మరిచిపోయినవి
మళ్లీ నా గోతం మీదికి.

రాత్రి తొమ్మిదికి
తోటకూర తల వాల్చేసి ఉంటుంది.
టమేటా చెంప మీద ఎవరిదో బొటనవేలి గుర్తు,
నార తేలిన మటికాయలు,
కొనలు పోయిన బెండకాయలు ఓ దోసెడు.
ఇవే మా ఇంటి కూరలు.
పారేయడానికి మనసొప్పదు, పులుసు పెడతాను.
చింతపండు ఎక్కువ, కారం ఎక్కువ.
వడిలిన వాసన దాక్కోవాలి కదా.

చేతన తినదు.
సంగటి ముద్దకి గుంట చేసి పులుసు పోసుకుంటుంది,
ముక్కల్ని మాత్రం కంచం అంచున వరసగా పెడుతుంది
తరగతి బయట నిలబెట్టిన పిల్లల్లాగా.
ఐదు రూపాయల చిప్స్ పాకెట్టుకి
ఆకలి ఎప్పుడూ తయారే.
కసిరాను, బతిమాలాను, బూచాడిని పిలిచాను.
బెండకాయ తింటే లెక్కలొస్తాయే అన్నాను.
"నీకొచ్చాయా?" అంది.

జూలైలో బడికి నర్సమ్మ వచ్చింది.
వేలు గుచ్చి, చుక్క రక్తం తీసి, చీటీ రాసింది:
తొమ్మిదిన్నర.
పదకొండున్నర దాటాలంట.
మెట్లెక్కితే ఆయాసం అందుకేనేమో అంది,
మధ్యాహ్నం పాఠంలో కళ్లు మూతపడేది కూడా.
"సొప్పు, తరకారి చెన్నాగి తిన్సి అమ్మా,"
అంటూ పక్క పిల్ల వేలు పట్టుకుంది.
ఈ వీధికి ఆకుకూర మోసేది నేనేనని
నేను చెప్పలేదు.
కొంగుకి పట్టిన కొత్తిమీర వాసన
ఆ గదంతా చెబుతూనే ఉంది.

ఆ రాత్రి కత్తిపీట ముందు అడిగాను,
కూరలంటే నీకెందుకే అంత కోపమని.
"బండి మీద బెండకాయలకి ముక్కులుంటాయి.
మనవాటికి ఉండవు.
ఇవి వేరే జాతి కదమ్మా?"

నా చెయ్యి అక్కడే ఆగిపోయింది.
తొమ్మిదేళ్లు నిండాయి దీనికి.
కూరల బండి చాటున ఊయల ఊగిన పిల్ల,
పొద్దుటి కాయ రుచి ఎరగదు.

ఆదివారం సంతకి వెంటబెట్టుకుని పోయాను.
చలి. స్వెట్టర్ మీద నా పాత శాలువా.
మాలూరు నుంచి వచ్చిన మూట కుట్టు తెంపగానే
గుప్పున పచ్చి వాసన కొట్టింది.
కాయ మీది నూగు దాని వేళ్లకి గుచ్చుకుంది.
"విరుచు," అన్నాను.

టప్.

ఆ చప్పుడికి అదే ఉలిక్కిపడి నవ్వింది.
లోపల అయిదు గదులు, గదికో వరస గింజలు.
లారీ లైటుకి పెట్టి చూసి, పచ్చిదే నమిలింది.
ఇంకోటి తీసుకుంది.
మూటవాడు నా వైపు చూశాడు,
నేను ఆకాశం వైపు చూశాను.

అప్పట్నుంచి గేటు తెరవకముందే
ఒక గుప్పెడు తీసి పక్కన పెడతాను.
బోణీ మా చేతనది.
రూపాయి బిళ్ల ఇస్తుంది, కళ్లకద్దుకుంటాను.
ఆ రూపాయి నేనిచ్చిందే.

రాత్రి మిగిలినవి ఇంకా తెస్తూనే ఉన్నాను,
అవి నాకూ వాళ్ల నాన్నకీ.
పిల్ల అన్నీ తింటోందని అబద్ధం చెప్పను.
కాకరకాయ ముక్కలు ఇప్పటికీ కంచం కింద దొరుకుతాయి.
ఏమీ అనను, నాకూ పడదది.
రెండో చీటీ ఇంకా రాలేదు.

మొన్న ఒకావిడ నాలుగు కొనలు విరిచి
నాలుగూ పక్కన పడేసింది.
బండి చక్రం దగ్గర ఎక్కాలు రాస్తున్న చేతన
తల ఎత్తకుండానే,
"ముక్కు విరిస్తే కొనాల్సిందే ఆంటీ," అంది.
ఆమె నా వైపు చూసింది.
నేను త్రాసు సరిచేసుకుంటున్నాను.

"లేతవి ఇంకేమైనా ఉన్నాయా?"
బండి కింద తడిగుడ్డలో ఒక గుప్పెడు ఉన్నాయి.

లేవన్నాను.