వాన బరువు

వాడపల్లి ఒకప్పుడు సీమకు రాజధాని అని
బడిల పంతులు చెప్పేటోడు.
కృష్ణల మూసీ కలిసే మూల,
పడవ దిగిన ఉప్పుమూటకు ఈడనే సుంకమట.
సుంకం ఉన్నకాడ సింహాసనం లేకుంట ఉంటదా
అని మమ్ములనే అడిగేటోడు.
నేను సింహాసనం చూడలే.
బురుజు రాళ్లు చూసిన,
మా దొడ్డి గోడల నాలుగున్నయి.

నా కొలువు వేబ్రిడ్జి కాడ.
లారీ ఎక్కుతది, ఎర్ర అంకెలు ఉరుకుతయి, ఆగుతయి.
సున్నపురాయి, సిమెంటు, బొగ్గు, బియ్యం.
నిండు బండిల నుంచి ఖాళీ బండి తీసేస్తే
మిగిలిందే ఊరు.
రాత్రి ఫ్యాక్టరీ తుమ్మితే
పొద్దుగాల చింతాకు మీద తెల్లగ కనిపిస్తది.
పొడివాన అంటది మా చిన్నమ్మ.
తడివాన ఎట్లుండేదో ఆమెకింక యాదికున్నది.

నాయిన నీరటి, వట్టె మల్సూరు.
తాసీలు కచేరి ఎనుక వాన కొలిచే డబ్బ
ఆయన చేతి కింద ఉండె.
పడ్డ నీళ్లు గాజుగొట్టంల వంచి
కన్ను నీటికి సమంగ దించి
ఊపిరి బిగబట్టి చదివేటోడు.
ఆయన నోటుబుక్కుల నిండ సున్నలే,
పేజీ తెరిస్తే పిట్ట గుడ్లు పెట్టినట్టు.
మే నెల పేజీలల్ల చెమట మరకలు,
వాటికి అంకె లేదు.
మా ఎండ సంగతి వేరే చెప్పాల్నా?
రైలు వంతెన ఇనుము మీద చెయ్యి పెడితే
తోలు ఆడ, నువ్వీడ.

సంగమం చూడవచ్చినోళ్లు
రెండు రంగులు ఏలుపెట్టి చూపిచ్చుకుంటరు.
నురుగు కక్కుకుంట వచ్చేది మూసీ.
పట్నం తానమాడి, బట్టలుతికి, రంగులద్ది, మందులు కాచి
ఇగ మర్సిపోదామనుకున్నదంత
మాకు పంపుతది.
కృష్ణ దాన్ని ఎంటనే కలుపుకోదు.
కొంత దూరం పక్కపక్కన నడుస్తయి,
పంచాది తెగని తోడికోడండ్ల లెక్క.
ఆ గీత మీదనే వలేస్తడు బెస్త లచ్చుమయ్య.
బొచ్చెలకంటే నురుగే బరువున్నదని
మా కాంటా మీద తూచుమంటడు, ఎక్కిరిచ్చుడుకు.

మొన్న యాసంగి కోతలప్పుడు.
వంతెన అవతల ఇంకో రాష్ట్రం.
వడ్లు అటు పండినయి, మిల్లులు ఇటు మిర్యాలగూడల.
చెక్ పోస్టు కట్టె కిందికి దిగింది.
లారీలు ఏటి పొడుగూత ఆగినయి.
ఒక దినమాయె, రెండాయె, కాయితం రాలే.
టైరు నీడల పండిన డ్రైవరు నాగూర్ మీరా
నా కుండల నీళ్లు మూడుసార్లు అడిగిండు.
మూడో రాత్రి చెడగొట్టు వాన.
గాలికి పట్టాలు చినిగి జెండాలైనయి.

తెల్లారి కట్టె లేసింది.
బండి కాంటా ఎక్కింది.
దాచేపల్లిల తూచిన చీటీకంటే
మూడున్నర క్వింటాళ్లు ఎక్కువ.
"లాభమేగా అక్కా!" అని నవ్విండు.
తాడిప్పి బస్తా మూతి తెరిసిండు.
గింజ గింజకు తెల్లటి మొలక.
నవ్వు పండ్ల మీదనే ఆగింది.

చీటీల ఖానాలు మూడే:
నిండు, ఖాళీ, నికరం.
వాన ఏ ఖానాల రాయాలె?
పెన్ను పట్టుకొని కూసున్న, ఎనుక హారన్లు.
ఉప్పు తడిసి వస్తే ఆ రాజులు
నీళ్ల మీద సుంకం తీసేటోళ్లా, ఏసేటోళ్లా?
పంతులు అది చెప్పలే.
కన్ను సమంగ దించి సూసిన, నాయిన తీరు.
ఎర్ర అంకెల మీద కన్ను దించుడేంది,
అయినా దించిన.
చీటీ తిప్పి ఎనుకపక్క రాసిన:
వాన, మూడున్నర క్వింటాళ్లు.
తేదీ ఏసిన.

మొలకెత్తిన వడ్లు మాకొద్దని
మిల్లోళ్లు మర్రగొట్టిన్రట.
పొద్దుగూకినంక అదే బండి అటుకెల్లి ఇటొచ్చింది.
మల్ల తూచుమని అతను అడగలే,
నేను అనలే.
కుండ మాత్రం చూపిచ్చిన.
తాగి వంతెన ఎక్కిండు.
ఎనుక తలుపు సందుల నుంచి నీళ్లు కారుకుంట
రోడ్డు మీద సన్నటి గీత,
నది దాక.