కొలత గ్లాసు

కాశిమేడు నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి
నలుగురం, ఒక తెరచాప పడవ.
"చాప కుదించాలా అని అనుమానం వచ్చిందంటే
అప్పటికే ఆలస్యమైనట్టే," అన్నాడు కోదండం.
నవ్వాను.
ఐదో రాత్రి గాలి ఆ మాటనే
నా అరచేతుల మీద తాడుతో రాసింది.

చినిగిన చాపని ఎస్తేరు కుట్టింది
మూడు పగళ్ళు, నాతో పలక్కుండా.
ముప్పై అడుగుల పడవలో అలిగినవాళ్ళు
ఎక్కడికి పోతారు?
మోకాలికి మోకాలు తగులుతూనే ఉంటుంది,
ఉప్పు డబ్బా అడగాల్సే వస్తుంది.

తొమ్మిదో రోజు నుంచి మంచినీళ్ళు
మనిషికి ఆరు గ్లాసులు.
నా కాపలాలో, చీకట్లో, ఏడోది తాగాను.
తెల్లారి పీపా ఊపి చూసి
మస్తానయ్య తన గ్లాసు సగం దగ్గరే ఆపేశాడు.
ఎవర్నీ ఏమీ అడగలేదు.
అడిగుంటే బావుండేది.

ఇప్పుడు రాయపురంలో, లారీ నీళ్ళొచ్చిన పొద్దున,
బిందెల వరసలో
నా వంతు రాగానే వెనక్కి చూస్తాను.
ఎవరో ఒకరు ఉంటారు.
బిందె మెడ దాకా నింపను.
"ఏమన్నా, చిల్లు పడిందా?" అని నవ్వుతుంది
పక్కింటి సెల్వి.
అవునంటాను.