చెల్లు

మా ముత్తాత భీమసేనరావు
నారాయణపేటలో సావుకారు చెన్నమల్లప్ప కొట్టు గుమస్తా.
ఎర్రగుడ్డ అట్ట వహి ఒకటి మాకు మిగిలింది.
తెరిస్తే ఇప్పటికీ
కాస్త ఇంగువ, కాస్త చెదల వాసన.

ఆ ఇంటి హుండీ కాగితం
రాయచూరులో చూపితే వెండి,
షోలాపూరులో చూపితే వెండి.
బేగంబజారులో దాని మీది సంతకానికి
గద్దె మీంచి లేచి నిలబడేవాళ్లట.
మగపిల్లలు లేని చెన్నమల్లప్ప పోతే
ఇనుప పెట్టె తాళాలు
ఇరవై రెండేళ్ల కూతురి నడుముకు వచ్చాయి.
గురుశాంతమ్మ.
మెడలో లింగం, నుదుట విభూతి.
పెళ్లి మాట ఎత్తినవాళ్లను ఒకటే అడిగేది:
"పిలగాడు నన్ను చూసిండా, వహిని చూసిండా?"

ధాతు కరువు వచ్చింది.
రూపాయికి ఇరవై సేర్ల జొన్న
అయిదు సేర్లకు దిగిన నాడు
కొట్టు వెనక ఆరు గాడిపొయ్యిలు తవ్వించింది.
మక్తల్ నుంచి, కోయిల్‌కొండ నుంచి
నడిచొచ్చినవాళ్లకు రెండు పూటలా గటక.
మా ముత్తాత అదీ రాశాడు, రాయడమే ఆయన పని:
"నేడు తిన్నవారు పదకొండు వందల నలభై.
వరుసలో ఉండగానే పోయినవారు తొమ్మిది."

ఒకనాడు సాలె హన్మక్క
గిన్నె బోర్లించి గడప మీద కూచుంది.
"ఇది గటక కాదమ్మా, నా మగ్గం.
ఉడకబెడితే మెత్తగైంది, గంతే.
మీ నాయన కుదువ పట్టిన నా మగ్గం
మీ అటక మీదున్నది. అదియ్యి.
నీ పుణ్యం నువ్వే తాగు."

గురుశాంతమ్మ ఏమీ అనలేదట.
ఆ రాత్రి దీపం దగ్గర పెట్టుకుని
పద్దు పద్దుకూ మిత్తి లెక్క కట్టింది.
అసలు ఎప్పుడో తీరింది.
కొందరిది మూడుసార్లు తీరింది.
తెల్లారేసరికి అటక మీంచి మగ్గాలు దించుతున్నారు,
పలకలు, అచ్చులు, నాడెలు, తాళ్లు.
ఏది ఎవరిదో తెలియక
సాలెవాడలో రెండు కొట్లాటలు కూడా.
నాలుగు వందల పన్నెండు పద్దుల పక్కన
ఆమె చేతిరాత:
చెల్లు.
చెల్లు.
హన్మక్క పేరు దగ్గర సిరా ఒలికింది.

తర్వాత బావులు, కాన్పుల కొట్టం, ఇంకా ఏవేవో.
గుర్రం మీద వచ్చిన తాలూక్‌దారు శాలువా కప్పితే
"ఇది నేసినోళ్లకు కూలి ముట్టిందా?" అందట.
ఆయన నవ్వాడని రాసి ఉంది.
ఆమె నవ్వినట్టు లేదు.

ఆమెను కూచోబెట్టి పూడ్చారు, వాళ్ల ఆచారం.
నెల తిరగకముందే తాళాలు
దాయాదుల నడుముకు మారాయి.
కొత్త సావుకారు వహిని మా ముత్తాత ముందు పెట్టి
పక్కనే ఒక చిన్న చాకు పెట్టాడు.

ఇది మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు.
కిటికీ దగ్గర పుటను వెలుగుకు పట్టినప్పుడు తెలిసింది.
చెల్లు ఉండాల్సిన చోటల్లా
కాగితం ఉల్లిపొరలా పల్చబడి
ఎండ ఇవతలికి వస్తోంది.
లెక్కపెట్టాను. నాకూ అదే రక్తం కదా.
మూడు వందల తొంభై చిన్న చిన్న ఎండలు.

ఇరవై రెండు మిగిలాయి.
చాకు మొద్దుబారిందో, పొద్దు గుంకిందో,
చెయ్యే మొరాయించిందో.
హన్మక్క చెల్లు మాత్రం అలాగే ఉంది,
ఒలికిన సిరాతో సహా.

అదే కట్టలో ఇంకొక కాగితం,
మా పాత పెంకుటిల్లు దస్తావేజు.
ఏ సంవత్సరం కట్టారో, డబ్బు ఎవరిచ్చారో
అందులో ఉండే ఉంటుంది.
దారం ముడి
ఇంకా విప్పలేదు.