పదకొండో నంబరు టెంటు

కొత్త సీజను మొదలుగాకముందు
క్లెమెంటు సారు ఒక రూలు పెట్టిండు:
పనోళ్ళందరు ఒక్కొక్క రాత్రి గెస్టులై పండాలె,
పండకుంటే పరుపు సంగతి ఎట్ల తెలుస్తదని.
ఆఫ్రికాల ఏదో చెరువొడ్డు క్యాంపుల
తొమ్మిదేండ్లు చేసొచ్చిన మనిషి.
ఆడ రాత్రయితే నీటిగుర్రాలు
నీళ్ళల్లకెల్లి లేసొచ్చి
టెంటు పక్కన్నే గడ్డి మేస్తయట.
"బయటికి రావద్దు, అంతే" అంటడు,
వానొస్తది, గొడుగు పట్టుకో అన్నంత అలకగ.

నా వంతు మంగళారం వచ్చింది.

రోజు దుప్పట్లు మడిచే ద్వాలి
దుప్పటి మీదికి ఎక్కుడెట్ల?
చెప్పులు యాడ విడవాల్నో తోచక
చేత పట్టుకొనే లోపటికి పోయిన.
గోడకు జిరాఫీ, చారల గుర్రాలు,
పేరు తెల్వని చెట్టు ఎనక ఎర్రటి పొద్దు.
మా సాగరు ఎనక నీళ్ళల్ల
పొద్దు గింతకన్న ఎర్రగ గూకుతది,
దాని ఫోటో ఏ టెంటులా లేదు.

తానం తొట్టి తెల్లది, పుట్టంత.
పొద్దుగాల నిమ్మసబ్బుతోని తోమింది నేనే.
నల్లా తిప్పితే ఆగకుంట వస్తనే ఉన్నది.
మా తండల రెండ్రోజులకొకపారి,
అదీ బిందెకు బిందె తాకి కొట్లాటయినంక.
సగం నిండంగనే కట్టేసిన,
మిగిలిన సగం ఎవలి వంతో అనిపించి.

ఎనిమిదింటికి సైదులు వచ్చిండు,
తెల్లంగి, మెడకు నల్ల బో.
"మేడం, సూపు?"
పగటీలి నా టిఫినుల రొట్టె తిన్న సైదులు!
నవ్వు ఆపుకోలేక ఇద్దరికీ కండ్లల్ల నీళ్ళు.
నవ్వినంక జరసేపు ఎవలం మాట్లాడలే.
వాడు వంగి గిన్నె పెట్టిన తీరు
నాకు మంచిగనిపించింది.
అదే మంచిగనిపించలే.

పరుపు మింగుతుంటే దిండు గుంజుకొని
కింద తివాచీ మీద ఒరిగిన.
దూరాన వైజాగ్ కాలనోళ్ళ దీపాలు
వలలు చూసుకుంట నీళ్ళ మీద నడుస్తున్నయి.
ఒంటిగంటో, రెండో,
గుడ్డగోడ అవతల కరకర.
కరకర. ఆగి, బుస్సున ఊపిరి.
గోడ నా దిక్కు ఉబ్బింది.
సారు మాట మతికొచ్చి కదలలే.
నీటిగుర్రమే.
సముద్రం ఈది, కృష్ణల పడి,
ఇంత దూరం వచ్చిందనుకున్న.
అంత పెద్ద జీవి నన్ను గెస్టనుకొని
ఆ పక్కన మర్యాదగ మేస్తున్నది.
భయంలనే ఏదో గొప్పగ అనిపించింది.

అప్పుడు గంట మోగింది.
సొట్టబోయిన ఇత్తడి గంట,
మా మామ మల్లేపల్లి అంగట్ల కొన్నది.
జిప్పు గుంజి చూస్తే
కడుపు దాక తడిసి, మూతికి నాచుతోని
మా చూడి బర్రె.
కంచె నేల మీదనే ఉన్నది, నీళ్ళకేం కంచె?
సారు హైద్రాబాదు నుంచి తెప్పించిన మెత్తగడ్డి
సగం మేసి, తలెత్తి,
నువ్వేంది ఈడ? అన్నట్టు చూసింది.

"హై" అనబోయి నోరు మూసుకున్న.
గెస్టులు బర్లను తోలరు.
ఇగ తెల్లారెదాక
అది తినుడు, నేను చూసుడు.

పొద్దున కాయితం ఇచ్చిండ్రు.
ఏ జంతువును చూసినారు?
నాలుగో తరగతి అక్షరాలతోని
నీటిగుర్రం అని రాసిన.
లోపాలు ఏమైనా? ఖాళీ ఇడిసిన.

బట్టలు మార్చుకొని, చీపురు పట్టుకొని
మల్ల పదకొండో నంబరుకే పోయిన.
దిండుకు అంటుకొని పొడుగు ఎంటిక,
కొబ్బరినూనె వాసన.
ఎవలెవలియో రోజు ఏరి పారేస్త.
దీన్ని ఏలికి చుట్టుకొని జరసేపు నిలబడ్డ.

బయట క్లెమెంటు సారు గడ్డిల గొంతుక్కూసొని
గిట్టల గుర్తులు జేనతోని కొలుస్తున్నడు.