దీర్ఘం

ఛత్తా బజార్ ప్రెస్సులో కరెంటు పోయింది.
సెల్‌ఫోన్ వెలుగులో వ్యాఖ్యానం ప్రూఫు దిద్దుతున్నాం,
సలోమక్కా నేనూ.

యూదులకూ
క్రైస్తవులకూ
మనకూ

"ఆ దీర్ఘాలు కొట్టేయండి" అని పొద్దున ముస్తహ్సన్ సాబ్.
"అది వెనకటివాళ్ళ మాట. తర్వాత తలుపేశారు."
అయిదు తఫ్సీర్లు మోసుకొచ్చి
ఒప్పుకోని రెండూ
ఆయనే చదివి వినిపించారు.

అరబ్బీలో 'మరియు'కి ఒక అక్షరమైనా ఉంది.
తెలుగులో
ఊపిరి కాస్త సాగదీయడమే.

అక్క ఎర్రపెన్ను మూత తియ్యలేదు.
"యూదుల్ని ఎన్నడూ చూడలే.
చూడనోళ్ళ ఊపిరెట్ల కోస్త?"

రాత్రి సాబ్ కాగితం కళ్ళకానించి పైకి చదివారు.
మొదటి రెండూ పొట్టిగానే పలికారు.
మూడోదాని దగ్గర
గొంతు దానంతటదే సాగింది.

అక్క నావైపు చూసింది.
మనకూ అంటే
ముందింకెవరో ఉన్నట్టే.