రెండు గీతల గడి

బ్లైనై ఫెస్తీనియోగ్‌లో వాన
పలకరాతి కొండల మీద పడి పడి
తనకే విసుగు పుట్టదు.
ఆ మంగళవారమూ అంతే.
ఏడు కుర్చీలు వేశాను. ఏడుగురం కూర్చున్నాం.
గెథిన్ గురించి సమావేశం. గెథిన్‌కి కుర్చీ వేయాలని
నాకే తట్టలేదు.
(ఇది మినిట్స్‌లో లేదు.)

నలభై నిమిషాలు వాడి గురించి మాట్లాడుకున్నాం,
ఇంట్లో లేని మనిషి సామాన్లు సర్దినట్టు.
"నీళ్లు తాగడానికి నిరాకరిస్తాడు." రాశాను.
"మధ్యాహ్నానికి చిరాకు, బల్ల తన్నడం." రాశాను.
బాంగర్ నుంచి వచ్చిన సైకాలజిస్టు
గంటకోసారి నీళ్ల సీసా గుర్తు చేయాలంది.
అదీ రాశాను.

చివరి ఐదు నిమిషాలకు వాణ్ణి పిలిచారు.
తొమ్మిదేళ్లు. తడిసిన బూట్లు.
మాటల్ని అవసరమైతే తప్ప జేబులోంచి తీయడు.
నవ్వు ముఖం, ఏడుపు ముఖం, అటూ ఇటూ కాని ముఖం,
మూడు కార్డులు ముందు పెట్టారు.
"నీకు చేస్తున్న సాయం ఎలా ఉంది, బాబూ?"
వాడు మూడూ తిరగేశాడు.
తెల్లటి వీపుల్ని పక్కపక్కన పేర్చి
నా పెన్ను అడిగాడు. అడగలేదు, చెయ్యి చాపాడు.
ఇచ్చాను. మినిట్స్ ఆగిపోయాయి.

తలుపు గీశాడు. సింకు గీశాడు.
గోడ మీద ఒక పెట్టె, దాన్నుంచి
కార్డు చిరిగేదాకా గీతలు, గీతలు, గీతలు.

చేతులారబెట్టే యంత్రం.

వాళ్లమ్మ హెలెడ్ లేచి నిలబడింది:
"అందుకా, ఇంటికి రాగానే బాత్రూముకి పరిగెత్తేది?"
తల ఊపాడు.
రెండేళ్లు.
పొద్దున్నుంచి మూడున్నర దాకా బిగబట్టుకుని
లెక్కలు చేశాడు, వెల్ష్ పద్యాలు అప్పజెప్పాడు.
మేమేమో తాగు, తాగు అన్నాం.

ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు.
హీటరు గొట్టం టక్కుమంది.

ఫారంలో "పిల్లవాడి అభిప్రాయం" అనే గడికి
రెండు గీతలే ఇచ్చారు.
యంత్రం ఆపి తువ్వాలు పెట్టుకునేందుకు
గెథిన్‌కు అనుమతి ఇవ్వడమైనది, అని
పెన్సిలుతో ఇరికించాను.
వాడు నా భుజం మీంచి చదివాడు
(చదవగలడని ఫైల్లోనే ఉంది).
"అనుమతి" కొట్టేశాడు.
"ఇవ్వడమైనది" కొట్టేశాడు.
గడి దాటి, డాక్టరు సంతకం చేసే చోటు దాకా
పెద్ద పెద్ద అక్షరాలు:
నేను చెప్పాను.

సోమవారం మేకుకు నీలం తువ్వాలు వేలాడింది.
బుధవారానికి ఎవరో ఎత్తుకెళ్లారు, ఇంకోటి తెచ్చాను.
వచ్చే సమావేశం తేదీ వాడే పెట్టాడు,
ఈత క్లాసు ఉన్న రోజు కుదరదన్నాడు.
నా పెన్ను మాత్రం
ఇంకా ఇవ్వలేదు.