గీత చేర్చని గుర్తు

మా పోవోవా రేవులో
ప్రతి ఇంటికీ ఒక గుర్తుంటుంది.
తెడ్డు మీద, వల బెండు మీద, చేపల బుట్ట మీద,
ఆఖరికి సమాధి రాయి మీదా చెక్కుకుంటాం.
పెద్దవాళ్ళం తలా ఒక గీత కలుపుకోవాలి.
కడగొట్టువాడికి మాత్రం
నాన్న గుర్తు ఉన్నదున్నట్టు దక్కుతుంది.

దెల్ఫిం మా కడగొట్టువాడు.

నాన్న ఒకనాడు కవళ్ళు కాల్చే నిప్పుల్లో
మడమ పెట్టి నిలబడి కబుర్లు చెబుతున్నాడు.
వాసన ముందు అమ్మకొచ్చింది.
చిన్నపాదాల జబ్బు అంటారు మా ఊళ్ళో,
కరిచే కుక్కకు ముద్దుపేరు పెట్టినట్టు.
నలభై మూడుకే పోయాడు.
నా రక్తంలో లేదన్నారు.
తమ్ముడిలో ఉందన్నారు.
ఆ కాగితం పట్టుకుని వాడు నవ్వాడు:
"ఒక్క గీతైనా మార్చకుండా ఇచ్చాడే!"

పోర్తో ఆసుపత్రిలో పదకొండు గంటలు.
బ్రాగా దారిలో మోటార్‌సైకిల్ మీంచి పడ్డ
ఎవరో కుర్రవాడి కాలేయం
మావాడి పక్కటెముకల కింద చేరింది.
మరి మావాడిది?
పారేయలేదు.
నున్నగా, ఎర్రగా, ఏ మచ్చా లేదట.
పైత్యరసం ఊరిస్తుంది, విషాన్ని విరుస్తుంది,
ఒక్క మాంసకృత్తు అల్లేటప్పుడు మాత్రం
ఒక ముడి తప్పు వేస్తుంది.
ఆ తప్పు నరాలకెక్కడానికి ఇరవై ఏళ్ళు పట్టొచ్చు.
పక్క గదిలో కాలేయానికి కేన్సరొచ్చిన వడ్రంగి,
అరవై నాలుగేళ్ళవాడు,
వేళ్ళు మడిచి లెక్కేసుకుని
"ఇరవయ్యా? పదైనా చాలు, తెండి" అన్నాడట.
నర్సు ఇంతే చెప్పింది. పేరు చెప్పలేదు.

మంచు గిన్నెలో పెట్టి
ఈ గదిలోంచి ఆ గదిలోకి పట్టుకెళ్ళారు,
పొరుగింటికి కూర గిన్నె పంపినట్టు.
వరండాలో కూర్చున్న నా వేళ్ళు ఊరుకోలేదు.
ఎరువిచ్చిన తాడుకైనా గుర్తు పెడతాం కదా,
దీనికెవరు చెక్కుతారు?

మెలకువ రాగానే "కాళ్ళు?" అన్నాడు.
బొటనవేలు గిల్లాను.
"ఎప్పుడు గిల్లుతావ్?" అన్నాడు.
పోయింది తిరిగి రాదు, ఇంకా పోకుండా ఆగుతుంది, అంతే
అని డాక్టరమ్మ ముందే చెప్పింది.
రెండోసారి గిల్లలేదు.

వాడి కూతురు ఇరియాకు ఆరేళ్ళు.
పరీక్ష పద్దెనిమిది నిండాకే, అదీ తను అడిగితేనే.
ఒక్కతే పిల్ల. పెద్దదీ అదే, కడగొట్టూ అదే.
నా కత్తి తీసుకుని పాత బెండు మీద
వాళ్ళ నాన్న గుర్తు దిద్దుతోంది.
సాయంత్రం ఆటుకు తేలిన ఇసుక మీద
చెప్పులు విప్పించి నడిపిస్తాను.
"ఎలా ఉందే?"
"చల్లగా ఉందత్తా. నిన్నా అడిగావుగా."
ఎడమ కాలు కూడా పెట్టమంటాను.